ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్ల శిక్షణకు ఐఎల్‌ఆర్‌యూ పాఠాలు: ఏవి చూడాలి, ఎలా వాడాలి

అమెరికాలో వికలాంగులే నడుపుతూ, తోటి వికలాంగులు సొంతంగా బతకడానికి సాయపడే ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్లో కొత్తగా చేరిన ఉద్యోగికైనా, బోర్డు సభ్యుడికైనా మొదట చూపించదగ్గవి హ్యూస్టన్‌లోని ఐఎల్‌ఆర్‌యూ (ఇండిపెండెంట్ లివింగ్ రీసెర్చ్ యుటిలైజేషన్) అనే శిక్షణ సంస్థ పాఠాలు. ఈ సంస్థ 1977లో మొదలైంది. సెంటర్లకిచ్చే ఫెడరల్ నిధుల్లో 1.8 నుంచి 2 శాతం శిక్షణకూ సాంకేతిక సహాయానికీ తీసిపెట్టాలని అక్కడి రిహాబిలిటేషన్ చట్టంలోనే ఉంది. ఇక్కడి రికార్డింగులు ఉచితం. వీడియో మొదలుపెట్టే ముందు స్లైడ్లు, రాతప్రతి చదివితే సగం సమయం మిగులుతుంది.

తేదీ మాత్రం తప్పకుండా చూసుకోవాలి. ఆ చట్టానికి 2014లో జరిగిన సవరణకు ముందు సెంటర్లు తప్పక ఇవ్వాల్సిన మౌలిక సేవలు నాలుగే: సమాచారం ఇచ్చి తగిన చోటికి పంపడం, స్వతంత్రంగా బతికే నైపుణ్యాలు నేర్పడం, పీర్ కౌన్సెలింగ్ (వికలాంగులే తోటి వికలాంగుల మాట విని తోడుండడం), హక్కుల కోసం వాదించడం. ఆ ఏడాది ఐదోది చేరింది. నర్సింగ్ హోమ్‌లో (అమెరికాలో ఇది చిన్న ఆసుపత్రి కాదు, దీర్ఘకాలం ఉంచి చూసుకునే సంరక్షణ గృహం) ఉన్నవారిని సొంత ఇంటికి తీసుకురావడం, బయట ఉన్నవారు అక్కడికి వెళ్లాల్సిన పరిస్థితి రాకుండా చూడడం, బడి దాటిన యువతకు తోడుండడం దాని కిందికి వస్తాయి. పర్యవేక్షణ కూడా విద్యాశాఖ నుంచి ఆరోగ్యశాఖకు మారింది. అంతకుముందు పాఠాల్లో సిద్ధాంతం చెక్కుచెదరలేదు. ప్రభుత్వానికిచ్చే నివేదికల ఫారాల గురించి చెప్పింది మాత్రం పనికిరాదు.

బోర్డు నిర్వహణ పాఠాలు ఎవరూ దాటేయకూడదు. బోర్డులో సగానికి మించి వికలాంగులుండాలి. తొమ్మిది మందిలో ఐదుగురు ఉన్నారు కదా అని చాలా సెంటర్లు నిశ్చింతగా ఉంటాయి. ఆ ఐదుగురిలో ఒకరు రాజీనామా చేస్తే మిగిలేది ఎనిమిది మందిలో నలుగురు. అంటే సరిగ్గా సగం, ఆధిక్యం పోయినట్టే. ఆరుగురిని పెట్టుకుంటే ఒకరు వెళ్లినా నిబంధన నిలుస్తుంది. సిబ్బందిలోనూ, నిర్ణయాలు తీసుకునే పదవుల్లోనూ ఇదే లెక్క.

కన్స్యూమర్ ఫైల్, అంటే సేవ కోసం వచ్చిన మనిషి పేరిట సెంటర్ ఉంచే ఫైల్ దగ్గర జరిగే పొరపాటు ఇంకా లోతైనది. ఆ మనిషి సొంతంగా బతకడానికి రాసుకునే ప్లాన్‌లో లక్ష్యం వచ్చినవారి మాటల్లో ఉండాలి. ‘బస్సులో ఒంటరిగా గుడికి వెళ్లాలి’ అని ఒకామె అంటే, ఉద్యోగి ‘రవాణా నైపుణ్యాల మెరుగుదల’ అని రాసేస్తాడు. ఆర్నెల్ల తర్వాత అది నెరవేరిందో లేదో ఎవరూ చెప్పలేరు. ప్లాన్ వద్దనుకునేవారు వేవర్‌పై, అంటే అది తమకు అక్కర్లేదనే పత్రంపై, సంతకం చేయవచ్చు. అప్పుడు కూడా లక్ష్యాలు, అడిగిన సేవలు, అందినవి ఫైల్లో ఉండాల్సిందే. వేవర్ ఉంటే ఇక ఏమీ రాయక్కర్లేదనుకోవడం తప్పు.

నర్సింగ్ హోమ్ నుంచి బయటికి తెచ్చే పని మీద ఉన్న పాఠాలు అన్నిటికన్నా విలువైనవి. వాటిని ఆచరణలో పెట్టేటప్పుడు గుర్తింపు పత్రాలతో మొదలుపెట్టండి. అవి లేకపోతే ఇల్లు దొరికినా అద్దె ఒప్పందం ఆగిపోతుంది. తర్వాత టేపుతో ఇల్లు కొలవండి. వీల్‌చైర్ పట్టడానికి తలుపు తెరిచాక 32 అంగుళాల ఖాళీ ఉండాలి. గడప ఎత్తు ఆరు అంగుళాలైతే ర్యాంపు ఆరడుగులు కావాలి, అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు లెక్కన. రోజూ వచ్చే అటెండెంట్‌తో పాటు బదులు మనిషి ఫోన్ నంబరు కూడా ఇల్లు మారే రోజుకే చేతిలో ఉండాలి. మొదటి వారంలో ఒక్క ఉదయం ఎవరూ రాకపోతే మంచం దిగలేని మనిషి మళ్లీ ఆసుపత్రి పాలవుతారు.

హైదరాబాద్, విజయవాడల్లోని వికలాంగుల సంఘాలకు ఇందులో ఎంత పనికొస్తుంది? నిధులు, నివేదికల పాఠాలు అక్కర్లేదు. పీర్ కౌన్సెలింగ్, బోర్డు పాఠాలు మాత్రం తప్పక తీసుకోవాలి. సమాజంలో జీవించే హక్కు మన 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 5లోనూ ఉంది. భాష ఇంగ్లిష్ కాబట్టి వీడియో వేసి వదిలేస్తే లాభం లేదు. పావుగంట భాగం చూపించి, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి తెలుగులో సాధన చేయించండి: ఒకరు సమస్య చెప్పాలి, రెండోవారు ఐదు నిమిషాలు సలహా ఇవ్వకుండా వినాలి, ఆ తర్వాత ‘మీరేం చేద్దామనుకుంటున్నారు?’ అని అడగాలి. సలహా ఇవ్వకుండా ఆగడమే అందరికీ కష్టమవుతుంది, సాధన అక్కడే ఎక్కువ చేయించాలి.