బరంపురంలో ఒక పియానో గది: శిక్షణ, సహవాద్యం

బరంపురంలో గిరి రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక పాత మేడ మీది గదిలో పియానో నేర్పే ఉపాధ్యాయురాలి దగ్గరకు మా అమ్మాయిని రెండేళ్లుగా తీసుకువెళ్తున్నాను. మా అమ్మాయి నేర్చుకొనేది పియానో కాదు, పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్. అందువల్ల ఈ ఉపాధ్యాయురాలి దగ్గర మేము కోరుకొన్నది సహవాద్యం. గాత్రానికీ ఇతర వాద్యాలకూ జతగా వాయించేవారిని ఇప్పుడు ‘కొలాబరేటివ్ పియానిస్టు’ అంటున్నారు. ఆ పేరును అమెరికన్ పియానిస్టు శామ్యూల్ శాండర్స్ వాడుకలోకి తెచ్చారని చెబుతారు. మన కచేరీ భాషలో ఇది పక్కవాద్యానికి దగ్గరి పని. చెన్నైలో చాలా ఏళ్లు గాయకులకూ చర్చి బృందాలకూ వాయించి, తల్లిదండ్రుల కోసం సొంత ఊరికి తిరిగివచ్చిన ఈ తెలుగావిడ ఆ పనినే వృత్తిగా ఎంచుకొన్నారు.

అంతకుముందు మా అమ్మాయి వేరొక చోట నేర్చుకొనేటప్పుడు, ఫోన్‌లో రికార్డు చేసిన పియానోతో సాధన చేయించేవారు. ఆ రికార్డులో లయ తప్పదు, నిజమే; కాని పిల్ల విల్లు తిప్పుకోవడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకొంటే అది ఆగదు. తాను వెనకబడ్డాననే భయంతో మా అమ్మాయి ప్రతి సంగీత వాక్యం చివరనూ మింగేసేది.

ఇక్కడ మొదటి నెలంతా బీథోవెన్ ‘స్ప్రింగ్’ సొనాటాలోని మొదటి పుట మీదనే గడిచింది. 1801లో వెలువడిన ఆ కృతి ముఖపత్రం మీద వయొలిన్ తోడుగా పియానోకు రాసినదనే ఉంటుంది. మొదట వయొలిన్ రాగాన్ని పాడుతుంది, పియానో కింద చిన్న స్వరాలతో మోస్తుంది. పది బార్లు (స్వరపత్రంలో నిలువు గీతల మధ్య ఉండే తాళపు కొలతలు) దాటగానే ఆ రాగాన్ని పియానో అందుకొంటుంది, మోసే పని వయొలిన్‌ది అవుతుంది. మా అమ్మాయి అక్కడ కూడా గట్టిగానే వాయిస్తుంటే, ఆవిడ చేతులు ఆపి, “ఇక్కడి నుంచి పాట నాదమ్మా, నువ్వు నాకు పక్కవాద్యానివి” అన్నారు. ఎనిమిదేళ్లుగా వయొలిన్ పట్టుకొన్న పిల్లకు తాను తగ్గి ఎదుటివారిని వినడం అనే సంగతి ఆ రోజే తెలిసింది. ఈ ఒక్క పాఠానికే నేను ఆవిడకు రుణపడి ఉన్నాను.

జెరాల్డ్ మూర్ (1899–1987) గురించి ఆవిడ ఎంతో గౌరవంతో చెబుతారు. సహవాద్యకారుణ్ణి వేదిక మీది సామానుగా చూసే రోజుల్లో ఆ పనికి గౌరవం తెచ్చి, 1967లో లండన్‌లో వీడ్కోలు కచేరీ చేసిన పియానిస్టు ఆయన. షూబర్ట్ ‘ఎర్ల్‌కోనిగ్’ పాటలో గుర్రపు పరుగును కుడిచేతి ఆక్టేవ్‌లతో (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి వాయించడం) చివరిదాకా నిలబెట్టడం ఎంత కష్టమో ఆవిడ వాయించి చూపినప్పుడు, పాడేవారికన్నా ముందు అలసిపోయేది ఎవరో నాకు అర్థమైంది.

లోపాలూ చెప్పాలి. గది ఇరుకు, ఐదుగురు కూర్చుంటే వయొలిన్ విల్లుకు చోటు చాలదు. గోపాల్‌పూర్ సముద్రపు గాలి ఇక్కడిదాకా వస్తుంది కనుక, వానాకాలంలో చెక్క తేమ పీల్చుకొని పియానోలో ఒకటి రెండు మెట్లు లేవడం ఆలస్యమవుతుంది. శ్రుతి చేసేవారు బయటి ఊరి నుంచి రావాలి కాబట్టి, ఆ రోజుల్లో ఆవిడ డిజిటల్ పియానో మీద వాయిస్తారు. అసలు పియానోలాగా నొక్కితే బరువు తెలిసే మెట్లున్నదే అయినా ఆ నాదం వేరు.

పియానో శిక్షణకు నెలకు 2,000 రూపాయలు, సహవాద్యానికి మా దగ్గర గంటకు 500 రూపాయలు తీసుకొంటున్నారు. సహవాద్యం కావలసినవారు స్వరపత్రాన్ని కనీసం రెండు వారాల ముందు ఇవ్వాలి. ముందు రోజు సాయంత్రం తెచ్చిన ఒకరిని ఆవిడ మర్యాదగానే తిప్పి పంపడం చూశాను, అది సరైన పనే.