ట్రాక్ డేకి ఏ బ్రేక్ ప్యాడ్లు: రోడ్డువా, ట్రాక్‌వా?

ట్రాక్ డే అంటే మన కారును రేస్ ట్రాక్ మీద వేగంగా తిప్పుకునే రోజు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడ కారు కంటే ముందు అలసిపోయేవి బ్రేకులే.

రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే గట్టిగా పట్టుకుంటాయి, చప్పుడు చేయవు, డిస్కుల్ని తినేయవు. కానీ వరసగా నాలుగైదు వేగపు ల్యాపులు తిప్పితే వేడికి పట్టు జారుతుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్లది. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతే మరిగింది బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే ద్రవం. ఈ తేడా తెలియక ప్యాడ్లు మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. అందుకే ముందు ఫ్లూయిడ్ మార్చండి.

ట్రాక్ ప్యాడ్లు ఆ వేడికి తట్టుకుంటాయి. బదులుగా మొదటి ల్యాపులో సరిగా పట్టవు, రోడ్డు మీద కీచుమంటాయి, డిస్కుల్ని త్వరగా అరగదీస్తాయి. బిగించాక తయారీదారు చెప్పిన పద్ధతిలో బెడ్డింగ్ (కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయడం) తప్పనిసరి: సాధారణంగా గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 40కి బ్రేక్ వేస్తూ, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు, తర్వాత చల్లారనివ్వాలి.

ఏడాదికి ఒకటి రెండు సార్లు వెళ్లేవారికి రోడ్డు ప్యాడ్లు, కొత్త ఫ్లూయిడ్, మూడు ల్యాపులకో చల్లార్చే ల్యాపు చాలు. నెలనెలా వెళితే ట్రాక్ ప్యాడ్లే కొనండి. ఏవైనా సరే, సగం అరిగినవాటితో ట్రాక్ ఎక్కొద్దు: పలుచని ప్యాడ్ వేడిని నేరుగా ఫ్లూయిడ్‌కి చేరవేస్తుంది. పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట) ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేర్‌లో ఉంచి చక్రానికి అడ్డు పెట్టండి.