అణువులను వరుసలో నిలపడానికి పొడవైన పల్సా, పొట్టి పల్సా?

హై హార్మోనిక్స్ (తీవ్రమైన లేజర్‌ను వాయువులోకి పంపితే పుట్టే, దాని పౌనఃపున్యానికి ఎన్నో రెట్లున్న కాంతి) ప్రయోగాలు మొదలుపెట్టేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. వాయు అణువుల అక్షాలను ఒకే దిశకు తిప్పడానికి నానోసెకన్ల పాటు ఉండే లేజర్ పల్సు (కాంతి తునక) వాడాలా, ఫెమ్టోసెకన్లదా (ఒక ఫెమ్టోసెకను నానోసెకనులో పది లక్షలో వంతు)?

పొడవైన పల్సుతో పని తేలిక. క్షేత్రం మెల్లగా పెరిగేకొద్దీ అణువులు దాని దిశకు ఒదుగుతాయి, అది ఉన్నంతసేపూ అలాగే నిలుస్తాయి. పొట్టి పల్సు ఒక్క తోపు తోసి తప్పుకుంటుంది. ఆ తర్వాత అణువులు చెదిరిపోయి, తమ భ్రమణ లయను బట్టి మళ్లీ కాసేపు కూడుకుంటాయి. ఈ లయ ఒక చుట్టు తిరగడానికి నైట్రోజన్‌కు సుమారు 8.4 పికోసెకన్లు, కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 42.7 పికోసెకన్లు పడుతుంది. కూడుకున్న ఆ కాస్త సమయంలోనే హార్మోనిక్స్ పుట్టించే రెండో లేజర్‌ను పంపాలి. ఆలస్యాన్ని సరిచూసుకోవడం ఓపికతో కూడిన పని.

అయినా నా ఓటు పొట్టి పల్సుకే. హార్మోనిక్స్ పుట్టించే లేజర్ తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్ల స్థాయిలో ఉంటుంది. వరుసలో నిలిపే పొడవైన పల్సుది 10¹² అనుకుందాం. తీవ్రతలో నూరో వంతే కదా అనిపిస్తుంది. కానీ ఎలక్ట్రాన్‌ను లాగేది విద్యుత్ క్షేత్రం. అది తీవ్రతకు వర్గమూలం. అంటే పదో వంతు! అణువు నుంచి ఊడిపడి, కాంతి తరంగపు ఒక్క చక్రం లోపే తిరిగొచ్చి కాంతినిచ్చే ఎలక్ట్రాన్‌కు అది చిన్న కుదుపు కాదు. పైగా కోణాన్ని మార్చి కొలిచేటప్పుడు అణువులతోపాటు ఈ అదనపు క్షేత్రమూ తిరుగుతుంది. అప్పుడు కనిపించిన మార్పు అణువుదా, క్షేత్రానిదా? విడదీయడం చాలా కష్టం. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్ పరమాణువుల వైపు నుంచి వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని కొన్ని హార్మోనిక్స్ తగ్గుతాయి. అంత సున్నితమైన సంకేతాన్ని నమ్మాలంటే ఆ క్షణంలో మరో క్షేత్రం ఉండకూడదు. 2004లో నైట్రోజన్ ఆర్బిటాల్‌ను (అణువులో ఎలక్ట్రాన్ పరుచుకున్న ఆకృతిని) హార్మోనిక్స్ నుంచి పునర్నిర్మించిన ప్రయోగం కూడా పొట్టి పల్సుతోనే సాగింది.

పొడవైన పల్సును మధ్యలో హఠాత్తుగా తెంచి, క్షేత్రం లేని క్షణంలో కొలిచే పద్ధతీ ఉంది. పరికరాలు అందుబాటులో ఉంటే ప్రయత్నించవచ్చు. తల, తోక వేరుగా ఉన్న ధ్రువ అణువులకు స్థిర విద్యుత్ క్షేత్రాన్ని జోడిస్తారు. అది వేరే అవసరం.

ఒక్క విషయంలో మాత్రం పొడవైన పల్సుదే పైచేయి అని ఒప్పుకుంటాను. సౌష్ఠవం లేని పెద్ద అణువుల భ్రమణ లయ అంత శుభ్రంగా తిరిగిరాదు. అక్కడ పొట్టి పల్సు తర్వాత సరైన క్షణం కోసం కాచుకుని కూర్చుంటే దక్కేది తక్కువే.