గోడాక్స్ టీటీ600 ఫ్లాష్: మన కల్యాణ మండపాల్లో ఎంతవరకు పనికొస్తుంది

డిజిటల్ కెమెరా కొన్నవారికి బయటి ఫ్లాష్ మీద దృష్టి పడేది సాధారణంగా ఇంట్లో ఏదో ఒక శుభకార్యం దగ్గరపడినప్పుడే. నెల్లూరులోనో ఒంగోలులోనో కెమెరా దుకాణానికి వెళ్లి, కెమెరా కంపెనీల సొంత ఫ్లాష్‌ల ధర విని వెనక్కి తగ్గినవారి ముందు దుకాణదారు పెట్టే పెట్టెల్లో గోడాక్స్ టీటీ600 తరచుగా ఉంటుంది. ధర తక్కువ, బలం ఎక్కువ అన్న పేరు దీనికి ఉంది. ఆ రెండు మాటలూ నిజమే. అయినా, కెమెరా మీద బిగించుకుని పెళ్లి మొత్తం ఈ ఒక్కదానితో నడిపించాలనుకునేవారికి ఇది సరైన ఎంపిక కాదని నా అభిప్రాయం. స్టాండు మీద, కెమెరాకు దూరంగా నిలబెట్టే రెండో దీపంగా మాత్రం ఈ ధరలో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

డబ్బు చెల్లించే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. కెమెరా నెత్తిన ఫ్లాష్ దూర్చే లోహపు గాడిని హాట్ షూ అంటారు. దాని నడుమ ఉండే గుండ్రటి పిన్ను ద్వారానే 'ఇప్పుడు వెలుగు' అన్న సంకేతం ఫ్లాష్‌కు చేరుతుంది. టీటీ600 అడుగున ఉన్నది ఆ ఒక్క నడిమి పిన్నే. కానన్ కంపెనీ తన చౌక డీఎస్ఎల్ఆర్‌లైన 3000డీ, 1500డీ, 200డీ మార్క్ 2 కెమెరాల్లో సరిగ్గా ఆ పిన్నునే తీసివేసింది. మన వైపు కొత్తగా ఫొటోలు నేర్చుకునే కుర్రవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఆ కెమెరాలే. వాటి మీద టీటీ600ను ఎంత గట్టిగా బిగించినా వెలగదు. ఫ్లాష్ చెడిపోయిందనుకుని తిప్పి పంపడం వల్ల ప్రయోజనం లేదు. ఆ కెమెరాలు ఉన్నవారు కానన్ సొంత ఫ్లాష్ అయిన స్పీడ్‌లైట్ గానీ, కానన్ సంకేతాలను అర్థం చేసుకునే టీటీఎల్ రకం (ఎంత వెలుగు కావాలో కెమెరాయే చెప్పే రకం) గానీ తీసుకోవాలి. ఆ టీటీఎల్ రకాన్నైనా సొంత కెమెరాను దుకాణానికి తీసుకువెళ్లి, దాని మీద పెట్టి వెలిగించి చూసిన తరువాతే కొనాలి. నికాన్ డీ3500, డీ5600 వంటి వాటికి ఈ చిక్కు లేదు. సోనీ కెమెరాల కోసం టీటీ600ఎస్ అనే వేరే రకం ఉంది కనుక పెట్టె మీద ఆ అక్షరం చూసుకోవాలి.

ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే గైడ్ నంబరు 60 సంగతి. ఫ్లాష్ బలాన్ని కొలిచే ఈ అంకె దూరాన్ని ఎపర్చర్‌తో, అంటే లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకెతో, గుణిస్తే వచ్చేది. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 100 వద్ద మీటర్లలో లెక్క. ఈ 60 అన్నది హెడ్‌లోని జూమ్‌ను చివరి అంచు 200 మి.మీ.కి లాగి, వెలుగును సన్నటి పాయగా చేసినప్పటి అంకె. మండపంలో వాడేది 24 నుంచి 50 మి.మీ. మధ్య కాబట్టి వెలుగు వెడల్పుగా పరుచుకుని, అసలు బలం అంతకంటే చాలా తక్కువగా ఉంటుంది. ఇది గోడాక్స్ ఒక్కటే చేసే పని కాదు, ఫ్లాష్ అమ్మే కంపెనీలకు అలవాటైన లెక్కే. అంకెల్లో కొనేవారికి నిజంగా అక్కరకొచ్చేది మరొకటి: ఐఎస్ఓను నాలుగింతలు చేస్తే గైడ్ నంబరు రెండింతలవుతుంది. నేటి కెమెరాల్లో ఐఎస్ఓ 800 నిస్సంకోచంగా వాడుకోవచ్చు కాబట్టి, ఫ్లాష్ బలం చాలదన్న భయం చాలావరకు పాతబడిన భయం.

బలం కంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది హెడ్ తిరిగే తీరుకు. టీటీ600 హెడ్ పైకి 90 డిగ్రీల వరకు లేస్తుంది, పక్కలకు దాదాపు చుట్టూ తిరుగుతుంది. వెలుగును నేరుగా ముఖం మీద కొట్టకుండా పైకప్పుకో పక్క గోడకో కొట్టి, అక్కడి నుంచి మెత్తగా దిగేలా చేసే బౌన్స్ పద్ధతికి ఇదే ఆధారం. నేరు వెలుగులో నుదుటి చెమట, పట్టుచీర జరీ అంచు, బంగారం మూడూ తెల్లటి మచ్చలుగా మెరిసి, వెనక తెరపై నల్లటి నీడ అంటుకుపోతుంది. పైకప్పు నుంచి దిగిన వెలుగులో జరీ జరీలాగే కనిపిస్తుంది. ఈ తేడా ఒక్కసారి చూసినవారు మళ్లీ నేరు ఫ్లాష్ జోలికి పోరు.

అయితే బౌన్స్‌కు తెల్లటి కప్పు కావాలి, అదీ అందేంత ఎత్తులో ఉండాలి. పాత ఇళ్ల సున్నం వేసిన కప్పులు ఇందుకు శ్రేష్ఠం. కొత్త కల్యాణ మండపాల్లో కప్పు రెండంతస్తుల ఎత్తున ఉండి, దాని నిండా రంగు గుడ్డలు, పూల తోరణాలు వేలాడుతుంటాయి. ఎర్ర గుడ్డకు కొట్టిన వెలుగు ఎర్రగానే తిరిగి వస్తుంది, పసుపు షామియానా కింద పెళ్లికూతురు పచ్చకామెర్లు వచ్చినట్టు తేలుతుంది. ప్రకాశం జిల్లా వైపు మరో చిక్కు అదనం. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దగ్గరలోనే దొరుకుతుంది కాబట్టి గోడలకూ స్తంభాలకూ నేలకూ నున్నగా పాలిష్ పట్టిన నల్లరాయి పరిచిన హాళ్లు, ఇళ్లు అక్కడ చాలానే ఉన్నాయి. నల్లరాయి వెలుగును మింగుతుంది, ఆ మింగగా మిగిలినదాన్ని అద్దంలా ఒకేచోట వెనక్కి కొట్టి ఫొటోలో ఫ్లాష్ బొమ్మనే చూపిస్తుంది. అటువంటి చోట రాతికి ఎదురుగా నిలబడకుండా పక్కవాటుగా నిలబడి, ఫ్లాష్‌ను వెనక ఉన్న తెల్లగోడ వైపు తిప్పడం ఒక్కటే దారి. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ రోజుల్లో రాత్రిపూట జరిగే గంధమహోత్సవం వంటి బహిరంగ సందర్భాల్లో కప్పే ఉండదు. అక్కడ హెడ్‌లోంచి బయటికి లాగే చిన్న తెల్ల కార్డు కాస్త ఊరట ఇస్తుంది తప్ప అద్భుతాలేమీ చేయదు.

టీటీ600 పూర్తిగా చేతితో నడిపే ఫ్లాష్. ఎంత వెలుగు కావాలో కెమెరా దానికి చెప్పదు. పూర్తి శక్తి నుంచి 128వ వంతు వరకు మనమే బటన్‌తో పెట్టుకోవాలి, లెన్సు జూమ్ మార్చినప్పుడు ఫ్లాష్ జూమ్ కూడా మనమే మార్చాలి. పన్నెండు అడుగుల తెల్లకప్పు ఉన్న గదిలో ఐఎస్ఓ 800, ఎఫ్ 4, షట్టర్ 1/125 పెట్టుకుని, ఫ్లాష్‌ను కప్పు వైపు తిప్పి నాలుగో వంతు శక్తి దగ్గర మొదలుపెడితే మొదటి ఫొటోయే సుమారుగా సరిపోతుంది. ఆ తరువాత వెనక దీపాల కాంతి ఎక్కువ కావాలంటే షట్టర్ వేగం తగ్గించాలి, మనిషి మీద వెలుగు మార్చాలంటే ఫ్లాష్ శక్తి మార్చాలి. ఈ రెండు పిడులు వేర్వేరని తెలుసుకోవడమే ఫ్లాష్ విద్యలో సగం అని నేననుకుంటాను, ఆ సగాన్ని ఈ ఫ్లాష్ బలవంతంగానైనా నేర్పుతుంది. కదలకుండా కూర్చున్న దంపతులకు ఇది చక్కగా సరిపోతుంది. ఎదురుకోలు వంటి సందడిలో మనిషి ఒక అడుగు దగ్గరికి, రెండడుగులు దూరం జరుగుతుంటే మాత్రం ప్రతిసారీ శక్తి మార్చే తీరిక ఉండదు. దూరం రెండింతలైతే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు టీటీఎల్ లేని లోటు బాగా తెలుస్తుంది.

తలంబ్రాల ఘట్టంలో లెక్క తిరగబడుతుంది. ఇద్దరూ ఒకేచోట కూర్చుని ఉంటారు కాబట్టి శక్తి ఒకసారి పెడితే చాలు, చేతితో శక్తి పెట్టుకునే ఫ్లాష్‌కు అంతకంటే అనువైన సమయం లేదు. గాలిలో రాలే బియ్యపు గింజలు గింజలుగానే పడాలంటే వెలుగు వెలిగి ఆరే కాలం చాలా తక్కువ ఉండాలి. ఫ్లాష్ పూర్తి శక్తితో వెలిగినప్పుడు ఆ కాలం సుమారు 1/300 సెకను. శక్తి తగ్గించేకొద్దీ అది కూడా కురచవుతూ, అతి తక్కువ శక్తి దగ్గర 1/20000 వరకు వెళ్తుంది. అందుకే తలంబ్రాలకు ఐఎస్ఓ పెంచి ఫ్లాష్‌ను ఎనిమిదో వంతుకో పదహారో వంతుకో దించడం మంచిది. పైగా తక్కువ శక్తిలో ఫ్లాష్ వెంటవెంటనే మళ్లీ సిద్ధమవుతుంది. పూర్తి శక్తిలో అయితే మంచి బ్యాటరీలతో కూడా రెండున్నర సెకన్ల పైచిలుకు ఆగాలి, ఆ లోపు దోసిళ్లు ఖాళీ అయిపోతాయి.

ఉదయపు ఎండలో మంగళస్నానం, నలుగు వంటివి తీసేటప్పుడు ఈ ఫ్లాష్ బలహీనత బయటపడుతుంది. చౌక కెమెరాల్లో ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ వేగం సాధారణంగా 1/200 దాటదు. మంచి ఎండలో ఐఎస్ఓ 100, 1/200 అంటే ఎపర్చర్‌ను ఎఫ్ 11 దగ్గరికి మూయాలి. వెనక ఉన్న బకెట్లు, కుర్చీలు అన్నీ స్పష్టంగా పడతాయి, ఫ్లాష్ దాదాపు పూర్తి శక్తితో అరవాలి. హైస్పీడ్ సింక్, అంటే అంతకు మించిన షట్టర్ వేగంలోనూ ఫ్లాష్ పనిచేసే సౌకర్యం, ఉంటే ఈ బాధ తప్పుతుంది. టీటీ600కు ఆ సౌకర్యం కెమెరా మీద ఉన్నప్పుడు లేదు, కెమెరా మీద పెట్టి రేడియో సంకేతం పంపే గోడాక్స్ ట్రిగ్గర్ ద్వారా దూరం నుంచి వెలిగించినప్పుడు మాత్రమే ఉంది.

ఆ ట్రిగ్గరే ఈ ఫ్లాష్ విలువను మార్చివేస్తుంది. గోడాక్స్ రేడియో పద్ధతి ఫ్లాష్ లోపలే ఉండటం వల్ల వేరే రిసీవర్ కొనవలసిన పని లేదు. మీ కెమెరా కంపెనీకి తగిన ట్రిగ్గర్ ఒక్కటి హాట్ షూ మీద పెడితే, స్టాండు మీది ఫ్లాష్ శక్తిని కెమెరా దగ్గర నుంచే మార్చుకోవచ్చు. బంధువుల గ్రూపు ఫొటోలో ముందు వరుస మూడు మీటర్లలో, చివరి వరుస నాలుగుంపావు మీటర్లలో ఉంటే చివరివారికి అందేది సగం వెలుగే. ఫ్లాష్‌ను వెనక్కి జరిపి, ఎత్తుగా, తెల్ల గొడుగుతో నిలబెడితే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది. పైకి ఎత్తిన స్టాండుకు కింద బరువు కట్టడం మరవకూడదు, పందిట్లో పరుగెత్తే పిల్లలు ఫ్లాష్ ధర అడగరు.

మంచి ముహూర్తం రోజున పక్కపక్క హాళ్లలో రెండు పెళ్లిళ్లు జరగడం మామూలే. ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ ఒకే ఛానల్ వాడితే ఒకరి బటన్‌కు మరొకరి ఫ్లాష్ వెలుగుతుంది. ఛానళ్లు 32 ఉన్నాయి, ఒకటో నంబరు మీదే వదిలేయకుండా ముందే మార్చుకోవాలి. వేరొకరి ఫ్లాష్ వెలుగును చూసి వెలిగే ఎస్1, ఎస్2 పద్ధతులు కూడా ఇందులో ఉన్నాయి. ఎస్1 మొదటి మెరుపుకే వెలుగుతుంది, ఎస్2 టీటీఎల్ ఫ్లాష్‌లు కొలత కోసం ముందుగా వేసే మెరుపును లెక్కచేయకుండా అసలు మెరుపుకు వెలుగుతుంది. చుట్టూ పది మంది ఫ్లాష్‌లు కొట్టే మండపంలో ఈ రెండూ పనికిరావు, స్టూడియోలో మాత్రం బాగుంటాయి.

బ్యాటరీల దగ్గర పిసినారితనం వద్దు. నాలుగు ఏఏ బ్యాటరీలు పడతాయి. మామూలు ఆల్కలైన్‌వి కాసేపటికే నీరసించి, ఫ్లాష్ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఎనిలూప్ వంటి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ బ్యాటరీలు నాలుగేసి చొప్పున మూడు సెట్లు, అంటే పన్నెండు, పెట్టుకుంటే ఒక పెళ్లికి నిశ్చింత. ఏ నాలుగు కలిసి వాడుతున్నామో వాటికి ఒకే గుర్తు పెట్టుకోవాలి. ఒక బలహీనమైనది చేరినా మిగతా మూడూ దాని నడకే నడుస్తాయి. పూర్తి శక్తితో వరుసగా 30 మెరుపులు దాటితే పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని కంపెనీయే చెబుతుంది. మన రోహిణికార్తె ఎండల్లో, ఏసీ లేని పందిట్లో అంత దాకా ఆగకుండా ముందే ఆపడం మేలు.

అన్నీ చూసుకున్నాక కెమెరా మీదకు ఒక్క ఫ్లాషే కొనగలిగినవారికి నేను చెప్పేది టీటీ685 మార్క్ 2. అదే కంపెనీది, అవే ఏఏ బ్యాటరీలు, బలమూ అంతే. టీటీఎల్, హైస్పీడ్ సింక్ రెండూ కెమెరా మీదే పనిచేస్తాయి. పెళ్లిళ్లే వృత్తిగా పెట్టుకున్నవారికి వీ860 మార్క్ 3 ఇంకా మేలు, దాని లిథియం బ్యాటరీ ఒక ఛార్జికి పూర్తి శక్తి మెరుపులు 480 దాకా ఇస్తుంది, మళ్లీ సిద్ధమవడానికి ఒకటిన్నర సెకను చాలు. టీటీ600ను రెండోదిగా, మూడోదిగా కొనుక్కోవాలి. ఫిల్మ్ రోజుల పాత ఫ్లాష్ ఇంట్లో ఉందని దాన్ని డిజిటల్ కెమెరా మీద పెట్టే ఆలోచన మాత్రం మానుకోవాలి. వాటిలో కొన్నింటి పిన్ను దగ్గర వందల వోల్టులు ఉంటాయి, కెమెరా బోర్డు కాలిపోవచ్చు.

మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉన్నవారికి ఒక మాట. ఉప్పుగాలికి బ్యాటరీ గదిలోని రేకులు, అడుగున ఉన్న పిన్ను త్వరగా చిలుము పడతాయి. పని అయిన రోజే బ్యాటరీలు తీసి, పిన్నును పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ సంచీ వేసిన డబ్బాలో పెట్టాలి. నెలల తరబడి వాడకపోతే నెలకోసారి తీసి తక్కువ శక్తితో కాసేపు వెలిగించాలి, లోపలి కెపాసిటర్ బిగువు సడలకుండా ఉంటుంది.