లాక్స్‌కి కుంకుడు రసం: వడకట్టడం వస్తే దీన్ని మించింది లేదు

డ్రెడ్‌లాక్స్ అంటే తాళ్లలా జడలు కట్టించిన జుట్టు పాయలు, పొట్టిగా లాక్స్. వాటికి ఏ షాంపూ మంచిదో తేల్చడానికి ఒకే కొలత ఉంది. తలకు పట్టించింది పాయలోంచి పూర్తిగా బయటికి వస్తుందా, రాదా? మామూలు జుట్టులో కాస్తో కూస్తో మిగిలినా దువ్వెనతో పోతుంది. లాక్స్‌కి దువ్వెన లేదు, లోపల చిక్కుకున్నది ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఈ లెక్కన చూస్తే కిరాణా కొట్లో దొరికే కుంకుడుకాయ చాలా ఖరీదైన సీసాల కంటే మెరుగు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా దెబ్బతీస్తుంది. దాని సంగతి కింద వివరంగా ఉంది.

బోరునీళ్లు వాడే ఇళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మన దగ్గర చాలా బోర్లు ఆ 200 గీత దాటేస్తాయి. విదేశాల్లో లాక్స్ పెంచేవాళ్లు ఇష్టపడే కాస్టైల్ సబ్బు కొబ్బరి, ఆలివ్ లాంటి నూనెలతో చేసిన అసలు సిసలు సబ్బు. మెత్తటి నీళ్లలో అది బాగానే పనిచేస్తుంది. కఠినజలంలో మాత్రం కాల్షియం, మెగ్నీషియంతో కలిసి కరగని తెల్లటి తెట్టు అవుతుంది. బకెట్ అంచున పేరుకునే తెట్టే పాయ నడుమ కూడా పేరుకుంటుంది. స్నానం చేసిన మర్నాటికే లాక్స్ బరువుగా, జిగటగా తగులుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కుంకుడు తొక్కలో నురగనిచ్చే సపోనిన్లనే పదార్థాలు సబ్బు కావు, కాబట్టి అలా తెట్టు కట్టవు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు ఖాళీ సీసాల్లో సగానికి మీ బోరునీళ్లు పోయండి. ఒకదాంట్లో ఒళ్లు రుద్దుకునే సబ్బు తురుము చిటికెడు, రెండోదాంట్లో కుంకుడు రసం రెండు చెంచాలు వేసి అరనిమిషం గిలకొట్టండి. సబ్బు సీసాలో నీళ్లు పాలలా మారి, పైన నురగకు బదులు విరిగిన ముక్కలు తేలితే ఆ నీళ్లతో సబ్బు వాడకం మానేయాల్సిందే. కుంకుడు సీసాలో నీళ్లు కాస్త పసుపుగా ఉన్నా నురగ నిలబడే ఉంటుంది.

కాయ ఎంపికలో తొందరపడొద్దు. మంచి కాయ తొక్క తేనెరంగులో ఉండి, వెలుతురుకు పెడితే కాస్త పారదర్శకంగా కనిపిస్తుంది, చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమంటుంది. నల్లబడి ఒకదానికొకటి అతుక్కున్నవి, పురుగు రంధ్రాలున్నవి తీసుకోకండి. గిరిజనుల నుంచి అటవీ ఉత్పత్తులు కొనడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా పెట్టిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కుంకుడు, శీకాయ కూడా సేకరిస్తుంది. ఆ దుకాణం దగ్గర్లో ఉంటే ముందు అక్కడ అడగండి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు బట్టలు ఉతకడానికని అమ్మే గింజ తీసిన తొక్కలు దొరుకుతాయి. సువాసన కలపనివైతే తలకూ పనికొస్తాయి.

భుజాల దాకా ఉన్న యాభై అరవై పాయలకు పదిహేను నుంచి ఇరవై కాయలు చాలు. చితక్కొట్టి నల్లగింజలు తీసేసి, తొక్కల్ని లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున సన్నసెగ మీద పది నిమిషాలు మరిగించాలి. పెద్ద గిన్నె పెట్టండి, నురగ పొంగి పొయ్యి మీద పడుతుంది. చల్లారాక చేత్తో బాగా పిసకాలి.

దెబ్బతీసేది ఇక్కడే. పిసికిన రసంలో తొక్క పొరలు, కాయ లోపలి సన్నటి పొట్టు తేలుతుంటాయి. టీ జల్లెడ వాటిని ఆపలేదు. అవి పాయలోకి దూరాయంటే ఆరాక గోధుమరంగు చుండ్రులా కనిపిస్తాయి, సూదితో ఒక్కొక్కటీ తీయడం తప్ప మార్గం లేదు. అందుకని మొదట జల్లెడతో, తర్వాత రెండు మడతలు వేసిన తడి మల్లుగుడ్డతో వడకట్టి, అరగంట కదపకుండా ఉంచి, పైన తేరిన రసం మాత్రమే వంపుకోవాలి. అడుగున మిగిలిన మడ్డి పారబోయండి, కక్కుర్తి వద్దు. ఇదే కారణంతో ప్యాకెట్లలో వచ్చే శీకాయ పొడి, సున్నిపిండి, శనగపిండి, మెంతిపిండి లాక్స్ దరిదాపులకు రానివ్వకూడదు. పొడి ఎంత మెత్తగా ఉన్నా పొడే, అది వడపోతకు నిలవదు.

రసం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే ఆగుతుంది, పులిసిన వాసన వస్తే పారేయాలి. ఏ వాడకానికి ఆ వాడకం చేసుకోవడమే మేలు.

తలస్నానం ఉదయాన్నే చేయాలి. లావుపాటి పాయ పైకి ఆరినట్టున్నా నడుమ తడి గంటల తరబడి ఉంటుంది, రాత్రి తడితలతో పడుకుంటే లోపల బూజు పట్టొచ్చు. ఒకసారి ఆ ముక్కవాసన పట్టిందంటే వదిలించడం చాలా కష్టం. ముందు గోరువెచ్చటి నీళ్లు నాలుగైదు నిమిషాలు పోసి, పాయల్ని పిండుతూ నీళ్లు లోపలికి వెళ్లేలా చేయండి. రసాన్ని సాస్ సీసా లాంటి మూతి సన్నటి సీసాలో పోసుకుని, పాపిడి వెంట తలచర్మం మీద పడేలా పట్టించాలి. వేళ్ల మెత్తలతో రుద్దాలి, గోళ్లతో కాదు. పాయల్ని మాత్రం రుద్దొద్దు, పిండండి చాలు. రుద్దితే పైవెంట్రుకలు రేగి పీచులా లేస్తాయి. తల వెనక్కి వాల్చి పోసుకోండి, కుంకుడు కంట్లో పడితే ఎంత మండుతుందో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న ఎవరినడిగినా చెబుతారు. రుద్దడానికి పట్టినంతకు రెట్టింపు సేపు కడగాలి, పిండితే వచ్చే నీళ్లలో పసుపు ఛాయ, నురగ రెండూ పోయేదాకా.

తుడుచుకోవడానికి నూలు టవల్ వాడితే దాని పీచు లాక్స్‌లో చిక్కుతుంది, ముఖ్యంగా నల్లజుట్టులో తెల్లపీచు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాత టీషర్టు గానీ మైక్రోఫైబర్ గుడ్డ గానీ తీసుకుని ఒక్కో గుప్పెడు పాయల్ని గట్టిగా పిండి, ఎండలోనో ఫ్యాను కిందో ఆరబెట్టండి. వానాకాలంలో డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి కుదుళ్ల నుంచి మొదలుపెట్టాలి. చివర్లు వాటంతటవే ఆరతాయి.

ఎన్నాళ్లకోసారి? వారానికోసారి సరిపోతుంది, విజయవాడ ఎండల్లో చెమట పట్టేవాళ్లు అయిదు రోజులకోసారి చేసినా నష్టం లేదు. కడక్కుండా వదిలేస్తేనే లాక్స్ గట్టిపడతాయన్న మాట చాలామంది నమ్ముతారు, అది తప్పు. జిడ్డు ఉంటే వెంట్రుకలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. శుభ్రంగా, పొడిగా ఉన్న జుట్టే ముడిపడుతుంది. కుంకుడు జిడ్డును బాగా లాగేస్తుంది కాబట్టి కొత్త లాక్స్ తొందరగా పట్టుకుంటాయి. మొదటి నెలల్లో ఇది కనిపించే లాభం. అదే గుణం వల్ల పొడి తలచర్మం ఉన్నవాళ్లకు దురద పెడుతుంది. వాళ్లు సగం రసం, సగం నీళ్లు కలుపుకోవాలి. తలంటుకు ముందు నూనె పెట్టే అలవాటు ఇక్కడ కుదరదు. కొబ్బరినూనె పాయలో నిలిచి ముక్కవాసన కొడుతుంది. మరీ పొడిగా ఉంటే నాలుగైదు చుక్కలు తలచర్మానికి మాత్రమే రాసుకోండి.

కుంకుడు చేయలేని పనులూ ఉన్నాయి. జెల్, స్ప్రే వాడిన పేరుకుపోత దీనికి అంత తేలిగ్గా లొంగదు. తేనెమైనం అసలే లొంగదు, అది కరగడానికి 62 డిగ్రీల పైన వేడి కావాలి, ఆ నీళ్లు తలమీద పోసుకోలేం. మైనం రాసి గట్టిపరుస్తామనే సెలూన్‌కి వద్దని చెప్పేయండి. బోరునీళ్ల ఉప్పు పేరుకుంటే నెలకోసారి లీటరు నీళ్లలో మూడు నాలుగు చెంచాల యాపిల్ సిడర్ వెనిగర్ కలిపి పోసుకుని, రెండు నిమిషాలాగి కడిగేస్తే చాలు. వంటసోడా, వెనిగర్ కలిపి పొంగించే చిట్కాలో ఆ పొంగు తప్ప ఏమీ లేదు, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

ప్రయాణాల్లో కుంకుడు నానబెట్టుకుంటూ కూర్చోలేం. అప్పుడు పారదర్శకంగా ఉండే, కండిషనర్ కలపని షాంపూ తీసుకోండి. ముత్యపు మెరుపుతో తెల్లగా ఉండేవి, పదార్థాల పట్టికలో ‘డైమెథికోన్’ అనే సిలికోన్ ఉన్నవి వద్దు. అవి ఎక్కువగా జుట్టును జారుగా చేయడానికే తయారయ్యాయి.

కుదుళ్ల దగ్గర ఎర్రటి పొలుసులు, తగ్గని దురద ఉంటే ఏ రసంతోనూ కాలయాపన చేయొద్దు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. వాళ్లు కీటోకోనజోల్ (ఫంగస్‌ను తగ్గించే మందు) షాంపూ రాస్తే దాన్ని కూడా సన్నమూతి సీసాలో పోసుకుని తలచర్మానికే పట్టించి, చెప్పినంతసేపు ఉంచి, అదే రెట్టింపు లెక్కన కడిగేయాలి.