నీలం నోటు, పౌర్ణమి భోజనం

వియత్నాంలో 20 వేల డాంగ్ నోటూ నీలమే, 5 లక్షల డాంగ్ నోటూ నీలమే. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే మాకు పదహారు వందల రూపాయలు మిగిలేవి.

హనోయ్‌లో రెండో రాత్రి. నీళ్ళ మీద ఆడించే కొయ్యబొమ్మలాట చూసి బయటికొచ్చేసరికి వాన. రోడ్డు మీద కనబడ్డ టాక్సీ ఎక్కేశాం. దిగేటప్పుడు మీటర్ 85 వేలు. మావారు చీకట్లో 5 లక్షల నోటు తీసిచ్చారు. డ్రైవర్ ఒక్క క్షణం ముందుకు వంగి, మళ్ళీ లేచి, 20 వేల నోటు చూపిస్తూ తల అడ్డంగా ఊపాడు. ఈయన కంగారుపడి "సారీ, సారీ" అంటూ ఆ నోటు వెనక్కి తీసుకుని లక్ష నోటు ఇచ్చారు. మిగతా 15 వేలూ జాగ్రత్తగా లెక్కపెట్టి మరీ ఇచ్చాడు మహానుభావుడు. రూముకొచ్చి చూసుకుంటే 4 లక్షల 80 వేలు తక్కువ. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు, మీరే లెక్కేసుకోండి. "వాడికి సారీ కూడా చెప్పాను" అని మావారు అర్ధరాత్రి దాకా అదే పాట. మా అత్తగారు "కూరగాయల బండి దగ్గర పది రూపాయలకి గంట బేరమాడతావు కదరా" అని ఒక్క మాటని అటు తిరిగి పడుకున్నారు.

కాబట్టి గ్రాబ్ యాప్‌లో బుక్ చేసిందే ఎక్కండి, రేటు ముందే కనబడుతుంది. 5 లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి. ఈ-వీసా 25 డాలర్లే, ప్రభుత్వ సైట్‌లోనే అప్లై చేయండి. ఇంకో మాట. హనోయ్ పాత బస్తీ లాడ్జిలో "కిటికీ ఉన్న గది" అని రోజుకి 300 రూపాయలు ఎక్కువ కట్టాం. కిటికీ ఉంది. తీస్తే జానెడు దూరంలో పక్కింటి గోడ.

హనోయ్‌కి దక్షిణాన ఉన్న నిన్ బిన్‌లో పడవ ప్రయాణం బాగుంది, మనిషికి 2.5 లక్షల డాంగ్.

అసలు టెన్షన్ అత్తగారి తిండి. ఆవిడ శుద్ధ శాకాహారి. ఇక్కడ కూరలో ముక్క కనబడకపోయినా చేపల సాస్ పడుతుంది, నూడుల్స్ పులుసు ఎముకలతో కాస్తారు. హనోయ్‌లో నాలుగు రోజులూ ఆవిడకి తెల్లన్నం, గుంటూరు నుంచి మోసుకెళ్ళిన కందిపొడి, అరటిపళ్ళు. రోజురోజుకీ మాటలు తగ్గిపోయాయి.

మధ్య వియత్నాంలోని హోయ్ ఆన్ చేరిన సాయంత్రం పాత ఊళ్ళో కరెంటు దీపాలు ఆర్పేసి లాంతర్లు వెలిగించారు. అక్కడి చాంద్రమానం ప్రకారం ప్రతి నెలా పద్నాలుగో రోజున అంతేనట. టికెట్ లక్షా 20 వేలు. మర్నాడు పౌర్ణమి. అక్కడి బౌద్ధులు చాలామంది చాంద్రమాన నెల మొదటి రోజునా, పౌర్ణమికీ మాంసం మానేస్తారు. పొద్దున్నే వీధి చివర ఒక బండికి కొత్త బోర్డు వేలాడుతోంది. దాని మీద "చాయ్" అని చదివి మావారు టీ అనుకుని పరిగెత్తారు. తీరా చూస్తే అది శాకాహారం అని చెప్పే మాట!

ప్లేటు 35 వేలు. అన్నం, తోఫు, పుట్టగొడుగులు, వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర. అత్తగారు కాడ ఒకటి తీసి వేలితో చీల్చి చూశారు. లోపల బోలు. "తూటికూర కదే ఇది! మా అమ్మ చెరువుగట్టు మీద కోసుకొచ్చేది." ఆ పక్కనే లేత పనసకాయ కలిపిన సలాడ్, పైన వేయించిన వేరుశనగపప్పు. రెండో ప్లేటు తెప్పించుకున్నారు. నాలుగు రోజుల మాటలూ ఆ పూటే వచ్చేశాయి. ప్లాన్ వేసేవాళ్ళు ముందు వియత్నాం చాంద్రమాన క్యాలెండర్ చూసి, పద్నాలుగో రోజు నాటికి హోయ్ ఆన్‌లో ఉండేట్టు టికెట్లు తీసుకోండి. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు, వరదలు.

మధ్యాహ్నం మీ సన్ (My Son) అనే పాత గుళ్ళ చోటికి వెళ్ళాం, హోయ్ ఆన్ నుంచి 40 కిలోమీటర్లు, టికెట్ లక్షా 50 వేలు. నాలుగో శతాబ్దం నుంచి, ఒకప్పుడు ఈ ప్రాంతాన్నేలిన చామ్ రాజులు కట్టించిన ఇటుక శివాలయాలు. 1969లో అమెరికా బాంబులకి చాలావరకు కూలాయి. మన పురావస్తు శాఖవాళ్ళే ఇక్కడ పనిచేస్తూ 2020లో ఇసుకరాతి శివలింగం బయటపెట్టారు. ఈ ప్రాంతాన్ని చామ్‌లు అమరావతి అనేవారని గైడ్ చెప్పగానే అత్తగారు చెప్పులు విప్పేశారు. "అమ్మా, ఇప్పుడిక్కడ పూజల్లేవు" అని మావారన్నారు. "దణ్ణానికి టికెట్టా?" అన్నారావిడ.

మర్నాడు పొద్దున మాకంటే ముందే లేచి తయారై ఆ బండి దగ్గరికి నడిచారు. బోర్డు లేదు. నిన్నటి ఆవిడే నవ్వుతూ పంది మాంసం వేయిస్తోంది. అత్తగారు తిరిగొచ్చి, ఏమీ అనకుండా, సూట్‌కేసులోంచి కందిపొడి సీసా తీశారు.