పాడే పిట్ట: డబ్బాలోదా, పంజరంలోదా?

కీ ఇస్తే పాడే పాతకాలం బొమ్మ పిట్టల్లో రెండు రకాలకు గిరాకీ ఎక్కువ. ఒకటి పొడుం డబ్బాలోంచి పైకి లేచేది. 18వ శతాబ్దం చివర్లో స్విట్జర్లాండ్‌లోని జాకె-డ్రో గడియారాల వాళ్లు దీనికి పేరు తెచ్చారు. రెండోది పంజరంలో కొమ్మ మీద కూర్చునేది. 19వ శతాబ్దంలో పారిస్‌కు చెందిన బ్లేజ్ బోంటెమ్ ఇందులో దిట్ట.

లోపలి కిటుకు రెండింటిదీ ఒకటే. హార్మోనియంకు ఉన్నట్టే ఒక తిత్తి గాలి పంపుతుంది. మొదట్లో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం పెట్టేవారు. తర్వాత ఒకే ఈలగొట్టంలో పిస్టన్‌ను ముందుకీ వెనక్కీ జరిపితే చాలని కనిపెట్టారు. గొట్టంలో గాలి ఉండే చోటు తగ్గితే కీచుగా, పెరిగితే మందంగా పలుకుతుంది. పిస్టన్ ఎంత జరగాలో, గాలి ఎప్పుడు ఆగాలో ఎగుడుదిగుడు అంచులున్న చక్రాలు చెబుతాయి. అంటే పాటంతా ఆ అంచుల్లోనే చెక్కి ఉందన్నమాట!

చెవులకైతే పంజరమే మేలు. యంత్రం అడుగున పీఠంలో ఉంటుంది, చోటుకు కొదవ లేదు కాబట్టి తిత్తి పెద్దది పెట్టొచ్చు. బోంటెమ్ పిట్ట కూత వింటే పెరట్లో నిజం పిట్ట వాలిందనుకుంటాం. కాకపోతే అసలు ఈకలు కదా, పురుగు పడుతుంది.

అయినా నా ఓటు డబ్బాకే. అరచేతిలో పట్టే పెట్టెలో తిత్తి, ఈల, చక్రాలు, స్ప్రింగ్, అన్నీ ఇరికించాలి. మీట జరపగానే మూత తెరుచుకుని బొటనవేలి కొసంత పిట్ట లేస్తుంది. ముక్కు తెరుస్తూ, రెక్కలాడిస్తూ, అటూ ఇటూ తిరుగుతూ పాడి, టక్కున పడుకుంటుంది. నన్నడిగితే పాడటం కంటే ఆ పడుకోవడమే కష్టమైన పని. రెక్క ముడిచి వాలకపోతే మూత కింద నలుగుతుంది.

రిపేరు టెన్షన్ రెండింటికీ ఉంది. తిత్తి తోలు ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి గాలి వదిలేస్తుంది. డబ్బాలో చెయ్యి పట్టదు కాబట్టి ఆ పని మరీ ఇబ్బంది. కొనాలనుకుంటే జర్మనీలోని ట్రీబెర్గ్‌లో కార్ల్ గ్రీస్‌బామ్ వాళ్లు 20వ శతాబ్దంలో చేసిన డబ్బాలు చూడండి, జాకె-డ్రో కాలం వాటిలా అందని ద్రాక్షలు కావు. పాడించి, కూతకు తగ్గట్టు ముక్కు కదులుతోందో లేదో గమనించండి. మధ్యలో ఆగిపోతే మాత్రం మూత వేలితో నొక్కకండి, లోపలి సన్న తీగలు వంగిపోతాయి.